డెల్టాలో కారుకి హీటరెందుకు? అంబాసిడర్ బ్లోయర్ మోటారు పని డైరీ

జూలై 9

నిన్న రాత్రి రాజమండ్రి నుంచి వస్తుంటే జొన్నాడ దగ్గర గౌతమి బ్రిడ్జి ఎక్కేసరికి వాన దంచికొట్టింది. కారులో నలుగురం. అద్దాలన్నీ ఎక్కించేశాం. రెండు నిమిషాల్లో ముందు అద్దం పాలు పోసినట్టు తెల్లబడిపోయింది. వైపర్లు తిరుగుతూనే ఉన్నాయి కానీ మసక పట్టింది లోపలివైపు, దానికి వైపరేం చేస్తుంది? పక్క సీట్లో బావ తువ్వాలుతో తుడవడం, తుడిచిన చోటే మళ్ళీ పట్టడం, ఎదురొచ్చే లారీల లైట్లు ఆ తడి మీద పడి అద్దమంతా ఒకటే వెలుగు. బ్రిడ్జి మీద ఆపే వీలు లేదు. నా వైపు అద్దం సగం దించి, భుజం తడిసిపోతున్నా అలాగే రావులపాలెం దాకా ఈడ్చుకొచ్చాను. వెనక సీట్లో అమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నాకు అదే ఎక్కువ టెన్షన్.

ఇంటికొచ్చి పడుకున్నాక గుర్తొచ్చింది, ఈ పని కోసమే తయారైన సామాను ఈ కారులో ఉంది. డాష్‌బోర్డు కింద ఎడమవైపు వేలాడే నల్ల డబ్బా. హీటరు.

అంబాజీపేటలో హీటరున్న కారంటే నవ్వేవాళ్ళే ఎక్కువ. మా కారు 1968 మార్క్ 2 అంబాసిడర్. పెదనాన్న మిలటరీలో ఉండగా షిల్లాంగులో కొన్నారు, అక్కడి చలికి హీటరు అక్కడే పెట్టించారు. రిటైరయ్యి ఊరొచ్చాక దాని అవసరం ఎవరికీ కనిపించలేదు. బ్రిటిష్ కార్లకి ఆ రోజుల్లో స్మిత్స్ లాంటి కంపెనీలు చేసిన హీటర్ల పద్ధతే ఇదీ: ఇంజిన్లో కాగిన నీళ్ళు చిన్న రేడియేటర్ లాంటి కోర్‌లోకి వస్తాయి, వెనకున్న మోటారు ఫ్యాను, అంటే బ్లోయర్, దాని మీదుగా గాలి తోస్తుంది, ఆ గాలి కొంత కాళ్ళ దగ్గరికి, కొంత రెండు గొట్టాల ద్వారా ముందు అద్దం అడుగుకి వెళ్తుంది. నేమ్ ప్లేటు తుప్పు తినేసి 12 వోల్టులన్న అంకె తప్ప ఇంకేమీ చదవడానికి లేదు.

పొద్దున్నే స్విచ్ వేసి చూశాను. ముందు ఏమీ లేదు, తర్వాత ఒక మూలుగు, తర్వాత కత్తికి సాన పడుతున్నట్టు కీచుమని ఒకటే అరుపు, కాలిన వాసన. ఆపేశాను. కానీ తిరిగింది. తిరిగిన మోటారు చచ్చిపోయిన మోటారు కాదు.

మసక ఎందుకు పడుతుందో ఒకసారి రాసుకుంటే పని ఎందుకు చేస్తున్నానో తేలుతుంది. వాన నీళ్ళు పడి అద్దం చల్లబడుతుంది. లోపల నలుగురి ఊపిరి, తడిసిన బట్టలు, తడి కాళ్ళచాపలు, ఈ తేమంతా ఆ చల్లటి గాజుని తాకి నీటి పొరగా మారుతుంది. గాలిని కాస్త వేడి చేస్తే అది ఇంకొంత తేమని మోయగలుగుతుంది, గాజు కూడా వెచ్చబడుతుంది, పొర ఆరిపోతుంది. ఏసీ కార్లు గాలిలోని తేమని పిండేసి ఇదే పని ఇంకో దారిలో చేస్తాయి. మాకు ఏసీ లేదు. కాబట్టి హీటరు చలిదేశాల వాళ్ళదే అనుకోవడం తప్పు. ఆషాఢం నుంచి కార్తీకం దాకా వాన, పుష్య మాసంలో కాలవ గట్ల మీద మంచు, ఇలాంటి చోట అది నిజంగా అవసరమే.

జూలై 13

ఆదివారం. పొద్దున ఆరింటికే షెడ్లో దిగాను, ఎనిమిది దాటితే రేకుల కింద ఉండలేం.

ముందు బ్యాటరీ. మా కారు పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ వైరు బాడీకి బిగించి ఉంటుంది. కాబట్టి ముందు ఊడదీయాల్సింది ప్లస్. అలవాటు కొద్దీ మైనస్ మీద స్పానర్ పెట్టామనుకోండి, అది పొరపాటున బాడీకి తగిలితే మెరుపే. పాత బండి మీద కొత్తగా చెయ్యి వేసేవాళ్ళు ముందు ఏ వైరు బాడీకి వెళ్తోందో కళ్ళతో చూసుకోవాలి.

హీటరు డబ్బా మొత్తం దించాలంటే నీళ్ళు వదలాలి, హోసులు పీకాలి. మోటారు మాత్రం వెనక పలకకి మూడు స్క్రూలతో బిగించి ఉంది, పలకతో పాటు ఫ్యాను, మోటారు ఒకే ముక్కగా బయటికొచ్చేస్తాయి. నీళ్ళ జోలికి పోనక్కర్లేదు. రెండు స్క్రూలు మామూలుగా వచ్చాయి, మూడోది తుప్పు పట్టి కదలలేదు. ఉప్పుగాలి మహిమ, మాకు సముద్రం అంత దూరమేం కాదు. కిరసనాయిలు, కొంచెం ఇంజనాయిలు కలిపి పోసి, టీ తాగి వచ్చి, స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో చిన్నగా నాలుగు దెబ్బలు కొట్టి తిప్పితే వచ్చింది.

లోపలేముందంటే, సగం ఎలుక గూడు. కొబ్బరి పీచు మెత్తగా చీల్చి, గుండ్రంగా పరిచి, మధ్యలో వడ్లగింజల పొట్టు. ఎడమ గొట్టంలో కందిరీగలు పెట్టిన మట్టి గూళ్ళు మూడు, రాయిలా ఉన్నాయి. ఫ్యాను రెక్కల మీద కూడా ఒక మట్టి ముద్ద ఒకే పక్కన అంటుకుని ఉంది. ఆ ముద్దొక్కటి చాలు ఫ్యాను బ్యాలెన్సు తప్పించి బుష్షుని, అంటే మోటారు ఇరుసు (షాఫ్టు) ఆనుకుని తిరిగే కంచు రింగుని, ఒక పక్కే అరగదియ్యడానికి. మట్టి నానబెట్టి తీశాను, గోకలేదు. రెక్కల అంచున చిన్న రేకు క్లిప్పు ఒకటి ఉంది. దాన్ని చెత్త అనుకుని పీకకూడదు, కంపెనీ వాళ్ళు బ్యాలెన్సు కోసం పెట్టిన బరువది.

బయట పెట్టి బ్యాటరీకి తగిలించి, మధ్యలో మీటరు పెట్టి చూస్తే 7.2 ఆంపియర్లు లాగుతోంది. ఇంత చిన్న మోటారు మూడు, నాలుగు దాటకూడదు. బుష్షులు పట్టేస్తే మోటారు నెమ్మదిస్తుంది, నెమ్మదించేకొద్దీ కరెంటు పెరుగుతుంది, వైండింగ్, అంటే లోపలి రాగి తీగ చుట్టలు, కాగుతుంది. మొన్నటి వాసన దానిదే.

జూలై 14

సాయంత్రం పెదనాన్నని చూడ్డానికి వెళ్ళాను. ఎనభై నాలుగేళ్ళు, చూపు తగ్గింది కానీ జ్ఞాపకం తగ్గలేదు. హీటరు విప్పానంటే లేచి కూర్చున్నారు.

“ఆ మోటారుకి ప్రతి ఉగాదికీ రెండు చుక్కలు నూనె పోసేవాణ్ణిరా.”

“ఏం నూనె పెదనాన్నా?”

“మనింటి నూనేరా. గానుగ నూనె, కొబ్బరిది.”

తప్పు పట్టడానికి మనసొప్పలేదు, పట్టాల్సిన పని కూడా లేదు. ఏటా గుర్తుపెట్టుకుని పోశారు. నూనె లేకుండా ఉంటే షాఫ్టు ఎప్పుడో కొరుక్కుపోయేది. కాకపోతే కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, ధనుర్మాసంలో సీసా ఎండలో పెట్టుకుని తలకి రాసుకోవడం మనందరికీ తెలిసిందే. అదే బుష్షులో జరుగుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ పాతబడి జిగురుగా మారుతుంది, దాని ఆమ్లాలు రాగిని తిని పచ్చగా చిలుం పట్టిస్తాయి. కంచు బుష్షులో రాగే ఎక్కువ.

జూలై 20

ఈ రోజు మోటారు పూర్తిగా విప్పలేదు. ఫ్యాను తీసి, షాఫ్టు బయటికొచ్చే చోట మిషన్ నూనె, అంటే కుట్టుమిషన్‌కి వేసేదే, నాలుగేసి చుక్కలు వేసి చేత్తో తిప్పుతూ పోయాను. ముందు హార్డ్‌వేర్ షాపు స్ప్రే డబ్బాతో కొట్టి జిగురు కడిగాను. పది నిమిషాల్లో వదులయ్యింది. తిరిగింది, అరుపు లేదు, 4.6 ఆంపియర్లు. బిగించేశాను, సంతోషంగా ఉంది.

జూలై 29

అరుపు తిరిగొచ్చింది. తొమ్మిది రోజులు. కొత్తపేట వెళ్ళి వస్తుంటే మొదలయ్యింది, ఇల్లు చేరేసరికి పక్కింటి కుక్క కూడా లేచింది.

ఏం జరిగిందో ఆలోచిస్తే, ఈ మోటార్లలో ఉండేవి మామూలు బుష్షులు కావు. రాగి, తగరం పొడిని అచ్చులో నొక్కి, కరగనివ్వకుండా కాల్చి చేస్తారు. అలా చేసిన కంచు ఇటుకలా సన్నటి రంధ్రాలతో ఉంటుంది, దాని పరిమాణంలో సుమారు ఐదో వంతు ఖాళీయే. ఆ ఖాళీల్లో నూనె ఇంకి ఉంటుంది. షాఫ్టు తిరిగి వెచ్చబడితే నూనె పైకి చెమర్చుతుంది, ఆగి చల్లబడితే మళ్ళీ లోపలికి పీల్చుకుంటుంది. టేబుల్ ఫ్యాన్ బుష్షు కూడా ఇదే జాతి. నేను చేసింది పైపైన తడపడం. పైగా స్ప్రే డబ్బాలో ఉండేది ఎక్కువ భాగం తుప్పు వదిలించే పల్చటి ద్రవం, అది రంధ్రాల్లో మిగిలిన కాస్త నూనెని కూడా కడిగేసింది. దాని మీద వేసిన మిషన్ నూనె మరీ పలచన, ఈ వేడికి నిలవలేదు. గ్రీజు పెట్టమని ఒకాయన సలహా ఇచ్చారు కానీ గ్రీజు ఈ రంధ్రాల్ని పూడ్చేస్తుంది, ఇక నూనె కదిలే దారే ఉండదు.

ఈసారి మొత్తం విప్పాలి.

ఆగస్టు 3

విప్పాను. ఈ రోజు సంగతి వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇలాంటి మోటారు విప్పేవాళ్ళకి పనికొచ్చేది ఇదే.

ఫ్యాను షాఫ్టు మీద ఎంత లోతున కూర్చుందో మార్కరుతో గీత పెట్టుకున్నాను. అర అంగుళం తేడా వచ్చినా వెనక్కి బిగించాక రెక్కలు డబ్బాకి రాసుకుంటాయి. ఫ్యాను మధ్యలో చిన్న గ్రబ్ స్క్రూ ఉంది, అది తీశాక కూడా ఫ్యాను రాలేదు. రెక్కలు పట్టుకుని లాగకూడదు, వంగితే మళ్ళీ సరిచెయ్యడం చాలా కష్టం. మధ్య బొడిపె కిందనుంచి రెండు పక్కలా రెండు స్క్రూడ్రైవర్లు పెట్టి సమంగా లేపితే వచ్చింది. షాఫ్టు మీద స్క్రూ కరిచిన గాటు ఉంది, దాన్ని సన్న ఆకురాయితో నున్నగా చేశాను. చేయకుండా లాగితే ఆ గాటు బుష్షుని గీరుకుంటూ వస్తుంది.

మోటారు ఒళ్ళు, రెండు మూతలు కలిసే చోట గీతలు పెట్టాను, ముందు మూతకి ఒక గీత, వెనక మూతకి రెండు. పొడవు బోల్టులు రెండు తీసి మూత లేపాను. ఇక్కడ తొందర పనికిరాదు. షాఫ్టు మీద ఫైబరు వాషరు ఒకటి, ఉక్కు వాషర్లు రెండు వరసగా ఉన్నాయి, ఆ వరస తప్పితే ఆర్మేచరు, అంటే షాఫ్టుతో పాటు తిరిగే తీగ చుట్టల భాగం, ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ప్రతి ముక్క తీస్తూనే ఫోన్లో ఫోటో, తీసిన వరసలోనే తెల్లగుడ్డ మీద పెట్టడం.

బుష్షుల చుట్టూ పెదనాన్న ముప్పై ఉగాదులు కనిపించాయి. పచ్చటి జిగురు, తాటి బెల్లం పాకంలా సాగుతోంది. బుష్షు వెనక నూనె పట్టి ఉంచడానికి పెట్టే ఫెల్టు వాషరు ఎండి అట్టముక్కలా అయిపోయింది. షాఫ్టు మాత్రం బాగుంది, గోరు పెట్టి చూస్తే గాట్లు తగల్లేదు. బుష్షులో పెట్టి అటూ ఇటూ ఊపితే లూజు కూడా లేదు. అదే పెద్ద ఊరట. బుష్షు అరిగిపోయి ఉంటే ఈ సైజుది వెతకడం వేరే యాత్ర.

కమ్యుటేటర్, అంటే ఆర్మేచరు చివర కరెంటు అందుకునే రాగి పలకల రింగు, నల్లగా ఉంది. దీనికి ఎమరీ పేపరు వాడొద్దు, దాని రవ్వలు రాగిలో గుచ్చుకుని ఉండిపోయి, దాని మీద రాసుకుంటూ కరెంటు అందించే కార్బన్ బ్రష్షుల్ని తినేస్తాయి. వడ్రంగులు వాడే జీరో నంబరు ఉప్పు కాగితం సన్నగా చీల్చి చుట్టూ వేసి, ఆర్మేచర్ని తిప్పుతూ రుద్దాను. రాగి మెరుపు తేలాక ఆపాలి, ఇంకా ఇంకా అని రుద్దకూడదు. తర్వాత పలకల మధ్య సందుల్లో పేరుకున్న కార్బన్ పొడిని పంటి పుల్లతో తీశాను. ఆ సందుల్లోని అభ్రకం రాగి కంటే కొంచెం లోతుగా ఉండాలి, ఒకచోట సమానంగా వచ్చేసి ఉంటే హాక్సా బ్లేడు ముక్కని సాన పట్టి ఒక్క గీత గీశాను. మీటరుతో పక్కపక్క పలకల మధ్య చూస్తే అన్నిచోట్లా 0.6, 0.7 ఓములు, పలకకీ షాఫ్టుకీ మధ్య కనెక్షన్ ఏమీ లేదు. అంటే వైండింగ్ ఎక్కడా తెగలేదు, కాలలేదు, ఒంటికి షార్టు కాలేదు.

మూతల్ని పెట్రోల్లో నానబెట్టాను. ఆర్మేచర్ని ముంచలేదు, దాని వార్నిష్ పాతది, గుడ్డతో తుడిచానంతే.

బ్రష్షులు రెండూ చిన్నవైపోయాయి, 6 మిల్లీమీటర్లు మిగిలాయి. ఒకదాని తీగ ఊడిపోవడానికి సిద్ధంగా ఉంది, ముట్టుకుంటే చేతికొచ్చేసింది.

ఆగస్టు 5

అమలాపురం వెళ్ళాను, మోటార్ వైండింగ్ షాపుకి. మన డెల్టాలో వైండింగ్ షాపులకి కొదవ లేదు, పొలం మోటార్లు, చెరువుల ఏరియేటర్లు, రైస్ మిల్లులు, ఇన్ని ఉన్నాక ఎలా ఉంటుంది? ఈ షాపులో మేస్త్రి గారికి అరవై దాటాయి. మూత చేతిలోకి తీసుకుని బుష్షు మీద వేలు తిప్పి, “ఆయ్, టేబుల్ ఫ్యాన్ పని లాంటిదేనండి ఇది, కాకపోతే పన్నెండు వోల్టులు” అన్నారు.

ఆయన కుర్రాడు గ్రైండర్ బ్రష్షులు తెచ్చి సైజు సరిపోతుందన్నాడు. మేస్త్రి గారే వద్దన్నారు. “కరెంటు మెషీన్ల బ్రష్షు గట్టి కార్బన్ బాబూ, 230 వోల్టుల్లో దానికి ఒకటి రెండు వోల్టులు పోయినా లెక్కలేదు. పన్నెండులో రెండు పోతే ఏం మిగులుద్ది?” అక్షరాలా నిజం. తక్కువ వోల్టేజి మోటార్ల బ్రష్షుల్లో రాగి పొడి కలుస్తుంది, విరిచి చూస్తే ఎర్రటి మెరుపు కనిపిస్తుంది. చివరికి పాత కారు వైపర్ మోటారుకి వేసే బ్రష్షులు దొరికాయి, కొంచెం వెడల్పు ఎక్కువ. ఫెల్టు కూడా ఆయన దగ్గరే దొరికింది, టేబుల్ ఫ్యాన్లకి వేసేదే, ఉన్నిది. డబ్బులు ఎంతంటే ఆయన ఫెల్టుకి తీసుకోలేదు. షిల్లాంగ్ కారు చూపించమన్నారు, పని అయ్యాక తీసుకెళ్ళాలి.

వస్తూ వస్తూ మా ఊరి రైస్ మిల్లు ఫిట్టర్ని అడిగి 68 నంబరు టర్బైన్ ఆయిలు పావు లీటరు సీసాలో పోయించుకున్నాను. మరీ పలచనా కాదు, చిక్కనా కాదు, ఇంజనాయిల్లో కలిపే డిటర్జెంట్ల లాంటివి ఇందులో ఉండవు.

ఆగస్టు 10

ఈ మోటారులో బుష్షులు గోళీలా గుండ్రంగా ఉండి, స్ప్రింగు రేకుతో మూతలో కూర్చుని ఉంటాయి, షాఫ్టు వాలుని బట్టి వాటంతటవి సర్దుకుంటాయి. ఆ రేకు పీకితే మళ్ళీ అంత బిగువు రాదు. అందుకని మూతల్నే నూనెలో నానబెట్టాలని నిర్ణయం. బ్రష్షుల పలక స్క్రూలు తీసి పక్కన పెట్టాను.

పెట్రోలు పూర్తిగా ఆరిందా లేదా అనేది ముందు చూసుకోవాలి. వారం రోజులుగా ఎండలో, గాలిలో పెట్టాను, వాసన పోయింది. నూనె గిన్నెని నేరుగా పొయ్యి మీద పెట్టలేదు. పెద్ద గిన్నెలో నీళ్ళు మరగబెట్టి, దింపి, షెడ్లోకి తెచ్చి, అందులో స్టీలు గిన్నె పెట్టి నూనె పోశాను. పాత కాఫీ ఫిల్టరు సెట్టులోదేలెండి, వంటింటిది కాదు. నూనె వేడెక్కాక మూతలు వేశాను.

వేసిన క్షణం నుంచే బుష్షు ఒంట్లోంచి సన్నటి బుడగలు రావడం మొదలయ్యింది. చద్దన్నంలో నీళ్ళు పోస్తే పైకి లేచే బుడగల్లాగా, ఆగకుండా, వరసగా. ఆ రంధ్రాల్లో ఇన్నాళ్ళూ గాలే ఉందన్నమాట. పావుగంట వచ్చాయి. నీళ్ళు చల్లారితే మార్చి మళ్ళీ వేడి నీళ్ళు పెట్టాను, ఇంకో పది నిమిషాలు వచ్చి ఆగాయి. అసలు పని ఆ తర్వాత జరుగుతుంది. చల్లారేటప్పుడు లోపల మిగిలిన గాలి ముడుచుకుని నూనెని లోపలికి లాక్కుంటుంది. కాబట్టి తియ్యకుండా రాత్రంతా అందులోనే వదిలేశాను. ఫెల్టు వాషర్లు కూడా అందులోనే వేశాను.

విడి బుష్షు దొరికితే ఇంకో పద్ధతి ఉంది. కింద వేలు మూసి, లోపల నిండా నూనె పోసి, పైన బొటనవేలితో గట్టిగా నొక్కితే నూనె బుష్షు గోడల్లోంచి బయటికి చెమటలా వస్తుంది. వచ్చిందంటే రంధ్రాలు తెరుచుకుని ఉన్నట్టే.

ఆగస్టు 11

పొద్దున మూత తీసి తుడిచి, వేడిగాలి డ్రయ్యరు పెట్టాను. అర నిమిషంలో బుష్షు లోపలి గోడ మీద నూనె మెరిసింది. ఎంత సంతోషం వేసిందంటే అమ్మని పిలిచి చూపించాను.

బ్రష్షుల వెడల్పు ఉప్పు కాగితం మీద రుద్ది తగ్గించాను, గూట్లో బిగియకుండా జారేదాకా. తర్వాత కమ్యుటేటర్ చుట్టూ ఉప్పు కాగితం గరుకు పైకి ఉండేలా చుట్టి, బ్రష్షు దాని మీద ఆన్చి తిప్పితే బ్రష్షు మొహం కమ్యుటేటర్ వంపుకి సరిగ్గా వస్తుంది. ఇది చెయ్యకపోతే ఒక అంచు మీదే నిలబడి నిప్పురవ్వలు కొడుతుంది. పొడంతా ఊదేశాను. తీగలు టంకం పెట్టాను, టంకం తీగ పైకి పాకి బిర్రబిగియకుండా పటకారుతో పట్టుకుని పెట్టాలి, లేకపోతే బ్రష్షు కదలదు.

బిగించేటప్పుడు ఫోటోలు చూస్తూ వాషర్ల వరస, గీతలు కలిపి, బోల్టులు రెండూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించాను. చివర షాఫ్టు చేత్తో తిప్పితే ఒక పక్క గట్టిగా ఉంది. మూత మీద చెక్క పెట్టి సుత్తితో రెండు చిన్న దెబ్బలు వేశాను, గోళీ బుష్షు సర్దుకుంది, షాఫ్టు వదులుగా తిరిగింది. బిగించేటప్పుడు బుష్షు పక్కకి వాలి ఉంటుంది, ఈ దెబ్బలు దానికోసమే.

బల్ల మీద బ్యాటరీకి తగిలించాను. ఫ్యాను లేకుండా 1.8 ఆంపియర్లు, ఫ్యానుతో 3.4. శబ్దం గాలిదే, మోటారుది లేదు. అరగంట తిప్పాను, ఒళ్ళు చేత్తో పట్టుకునేంత వెచ్చగా ఉంది అంతే.

ఇంకో పరీక్ష కూడా చేశాను. వైర్లు తిరగేసి పెట్టినా అదే వైపు తిరిగింది. అంటే లోపల శాశ్వత అయస్కాంతాలు కావు, ఫీల్డ్ కాయిల్స్, అంటే కరెంటు పారితేనే అయస్కాంతమయ్యే తీగ చుట్టలు, ఉన్నాయి. రేపు ఎప్పుడైనా కారుని నెగటివ్ ఎర్త్‌కి మార్చినా ఈ మోటారుకి ఇబ్బంది లేదు. అయస్కాంతాల మోటారైతే వెనక్కి తిరిగేది.

ఆగస్టు 16

కారులో బిగించాను, బల్ల మీద తిరిగినంత జోరు లేదు. నిరుత్సాహం వేసింది కానీ కారణం మోటారులో ఉండదని తెలుసు. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, మోటారు నడుస్తుండగా దాని కొనల దగ్గర 9.9. దారిలో 2.7 వోల్టులు పోతున్నాయి. ముక్క ముక్కగా కొలిచాను: ఎర్త్ వైపు 1.6, స్విచ్చులో 0.8, ఫ్యూజు దగ్గర మిగతా 0.3. ఎర్త్ స్క్రూ రంగు మీద, రంగు కింద తుప్పు మీద కూర్చుని ఉంది. గీకి తెల్లటి ఇనుము తేలాక నక్షత్రం వాషరు వేసి బిగించి, పైన వ్యాజిలీన్ రాశాను. ఫ్యూజు చుట్టూ ఎవరో ఎప్పుడో సిగరెట్ పెట్టె వెండి కాగితం చుట్టారు. అది చాలా ప్రమాదం, మోటారు పట్టేసినా ఆ కాగితం కాలదు, వైర్లే కాలతాయి. తీసేసి అసలు ఫ్యూజు పెట్టాను. స్విచ్చు విప్పి పాయింట్లు శుభ్రం చేశాను. ఇప్పుడు మోటారు దగ్గర 12.0.

ఆగస్టు 24

నీళ్ళ వైపు. హీటరు ట్యాపు సిలిండర్ హెడ్ వెనక చివర ఉంది, ఎన్నాళ్ళ నుంచో మూసే ఉండి సున్నం కట్టి బిగిసిపోయింది. మా బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఎవరో రేడియేటర్లో అవే పోశారని ఆ తెల్లటి పొర చూస్తేనే తెలుస్తుంది. ట్యాపు విప్పి వెనిగర్లో నానబెట్టి వదులు చేశాను. కోర్‌లోకి నెమ్మదిగా గొట్టంతో నీళ్ళు పెడితే ముందు ఎర్రటి బురద, తర్వాత తేట నీళ్ళు. లీకు లేదు. హోసులు రెండూ కొత్తవి వేసి, డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోశాను.

సెప్టెంబరు 6

నిన్న పాలకొల్లులో పెళ్ళి. వెళ్ళేటప్పుడు పొడి. తిరిగొచ్చేటప్పుడు రాత్రి పదకొండు దాటింది, చించినాడ బ్రిడ్జి మీద వశిష్ఠ దాటుతుండగా అందుకుంది వాన, జొన్నాడ దగ్గర పడినంతా పడింది. ఈసారీ నలుగురమే, అమ్మ వెనకే. అద్దం అడుగున మసక మొదలవగానే ట్యాపు పావు వంతు తెరిచి స్విచ్ వేశాను. అద్దం కిందనుంచి రెండు విసనకర్రలు విప్పినట్టు రెండు స్పష్టమైన జాగాలు పుట్టి, పెరిగి, రాజోలు వచ్చేలోపు మధ్యలో కలిసిపోయాయి.

ఒక సంగతి గమనించాను. ఈ హీటరు లోపలి గాలినే తిప్పుతుంది, బయటి గాలి తీసుకోదు. అద్దాలన్నీ బిగించి ఉంచితే కాసేపటికి అంచుల్లో మళ్ళీ తేమ మొదలైంది. వెనక అద్దం ఒక వేలు సందు దించితే పోయింది. తడి గాలి పోవడానికి దారి కావాలి.

అమ్మ “కాళ్ళకి వెచ్చగా తగుల్తోందిరా” అంది. పక్కన బావ తువ్వాలు ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు, పి.గన్నవరం దాటాక దాన్ని తలకింద పెట్టుకుని నిద్రపోయాడు.

పొద్దున లేచి చూస్తే మోటారు 3.5 ఆంపియర్లు, పెరగలేదు. ఎడమ గొట్టంలో గాలి కుడివైపు కంటే కొంచెం తక్కువగా వస్తోంది. కందిరీగ మట్టి ఇంకా లోపలెక్కడో ఉండొచ్చు, లేదా గొట్టం మడత పడిందేమో. వచ్చే ఆదివారం అమలాపురం మేస్త్రి గారికి కారు చూపించి వచ్చాక అది విప్పుతాను.